జాజికోన నుంచి గవ్వలరేవుకు అధికారిక దూరం

జాజికోన నుంచి గవ్వలరేవుకు విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది అని ప్రజలు నన్ను తరచుగా అడుగుతుంటారు. ప్రజల సందేహాలు తీర్చడం ఉద్యోగిగా నా విధి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎవరినీ విమర్శించే ఉద్దేశం నాకు లేదు. అందరూ రూల్సు ప్రకారమే నడుచుకున్నారు. నేను కూడా, ఒక్క రోజు తప్ప.

నా పేరు తవిటినాయుడు. మా వంశంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి. ప్రాంతీయ దూర నిర్ధారణ సంస్థలో సహాయ సర్వేయరును. చిన్న ఊళ్ళకు కూడా విమానాలు వస్తున్నాయి కనుక ఏ విమానాశ్రయానికి ఏ విమానాశ్రయం ఎంత దూరమో తేల్చడానికి ఒక సంస్థ అవసరమని పైవాళ్ళు భావించి దీన్ని పెట్టారు. ఆఫీసులో పదకొండుమందిమి పనిచేస్తాం. విమానాశ్రయాలు రెండు.

మా అక్క పారమ్మకు రెండేళ్ళ కిందట కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం డయాలసిస్ చేయించుకోవాలి. కొండ మీద ఉన్న మా జాజికోనలో ఆ మిషను లేదు. సముద్రం ఒడ్డున ఉన్న గవ్వలరేవు ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ ఆమె మంచం టైము మధ్యాహ్నం పన్నెండు. పన్నెండుంపావు దాటితే ఆ మంచం ఆ రోజుకు ఇంకొకరిది. వరసగా రెండుసార్లు రాకపోతే జాబితాలోంచి పేరే కొట్టేస్తారు. బయట వందమంది కాచుకుని ఉన్నారు మరి. ఉదయం ఆరింటి బస్సెక్కితే ఘాట్ రోడ్డు దిగి, రైలు గేటు దాటి, పదకొండూ నలభైకి గవ్వలరేవు చేరుతుంది. నాలుగు గంటలు మిషను మీద పడుకుని, మళ్ళీ బస్సెక్కి అదే ఘాట్ ఎక్కాలి. అందుకని రెండు ఊళ్ళ మధ్య పందొమ్మిది సీట్ల చిన్న విమానం వేస్తున్నారని తెలిసినప్పుడు, మంత్రిగారి తర్వాత అంతగా సంతోషించింది నేనే.

దూరం తేల్చే పని నాకే అప్పగించారు. మూడు రోజులు కూర్చుని, రెండు రన్‌వేల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, నాలుగుసార్లు సరిచూశాను. తిన్నగా ఎనభై ఎనిమిది కిలోమీటర్లు. ఎక్కడం దిగడం కలుపుకుని ఇరవై రెండు నిమిషాలు. ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి అక్కకు చెప్పాను.

"ఇరవై రెండు నిమిసాలా?" అంది అక్క, వాచిన కాళ్ళు బల్ల మీద చాపుకుని. "ఒరే, మన ఈది కుళాయి కాడ బిందె నిండడానికే అంతకన్నా ఎక్కువ పడతాది."

"నిజమేనక్కా. నానే కొలిసినాను."

"నువ్వు కొలిస్తే సరే. సిన్నప్పుడు బెల్లం ముక్క పంచుకోడానికి కూడా స్కేలు తెచ్చీవోడివి."

మర్నాడు ఫైలు పెట్టాను. మధ్యాహ్నానికి మా డిప్యూటీ డైరెక్టరు దివాకరం గారు పిలిచారు. ఆయన మంచివారు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఒక్క రిమార్కు లేదు.

"నాయుడూ, ఈ ఎనభై ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"కొలిచానండి."

"కొలవమని ఎవరన్నారు?"

"మనది దూర నిర్ధారణ సంస్థ కదండీ."

"నిర్ధారించమన్నారు. కొలవమన్నారా?" అని బీరువాలోంచి పాత ఫైలొకటి తీయించారు. దుమ్ము దులిపి నా ముందు పెట్టారు. "జాజికోనకూ గవ్వలరేవుకూ మధ్య దూరం రెండువందల పధ్నాలుగు కిలోమీటర్లు. రోడ్ల వాళ్ళు నలభై ఐదేళ్ళ కిందటే ధ్రువీకరించారు. ఈ రెండు ఊళ్ళ మధ్య తిరిగిన ప్రతి ఉద్యోగి ప్రయాణ బిల్లూ దీని మీదే పాసయింది. కలెక్టర్లవి కూడా."

"అది రోడ్డు దూరమండి. ఘాట్‌లో ముప్పై ఏడు వంపులున్నాయి. గాల్లో వంపులుండవు కదండీ."

"ఉండవని ఏ ఉత్తర్వులో ఉంది?"

ఆలోచించాను. నాకు తెలిసినంతలో ఏ ఉత్తర్వులోనూ లేదు.

దివాకరం గారు కళ్ళజోడు తీసి మెత్తగా అన్నారు. "చూడు నాయనా. ఈ రెండు ఊళ్ళూ ఏమైనా కదిలాయా?"

"లేదండి."

"ఊళ్ళు కదలకుండా దూరం ఎలా తగ్గుతుంది? సరే, తగ్గిందనుకో. ఒకే రెండు ఊళ్ళకు మన దగ్గర రెండు దూరాలున్నాయని రేపు ఎవడో కోర్టుకెళ్తాడు. అప్పుడు దేని మీద నిలబడతాం?"

ఫైలు తీసుకుని నా సీటుకు వచ్చేశాను. నా అంత చదువుకున్నవాళ్ళెవరూ మా ఇంట్లో లేరు కనుక ఆయన మాట సరైనదేనా అని అడిగి తెలుసుకునే వీలు కూడా లేకపోయింది. వారం తిరక్కుండా పైనుంచి సర్క్యులరు వచ్చింది. 'ఏకరూప దూర విధానం' అని దాని పేరు. ఇకమీదట ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా ఒకే దూరం ఉండాలి, నడిచి వెళ్ళినా, ఎగిరి వెళ్ళినా, ఈది వెళ్ళినా దానికే కట్టుబడాలి అని సారాంశం. ఆఫీసు గుమ్మానికి 'ఒకే జంట, ఒకే దూరం' అని బ్యానరు కట్టారు. పక్క పోస్టాఫీసు వాళ్ళు అది పెళ్ళి బ్యానరనుకుని భోజనాలెప్పుడని అడిగారు.

విమాన దూర ధ్రువపత్రం మీద నా సంతకం కావాలి. దూరం అన్నచోట రెండువందల పధ్నాలుగు అని టైపు చేసి ఉంది. సమయం అన్నచోట ఇరవై రెండు నిమిషాలు అని ఉంచేశారు. ఎందుకంటే మంత్రిగారి పోస్టర్ల మీద అప్పటికే అచ్చయిపోయింది. కాగితం మీద ఏముంటేనేం, విమానం ఫైలు చదవదు కదా, తిన్నగానే పోతుంది అనుకుని సంతకం పెట్టాను. అప్పటికి నాకు సర్వీసు ఏడు నెలలు.

ప్రారంభోత్సవంలో మంత్రిగారు, "రెండువందల పధ్నాలుగు కిలోమీటర్లు, ఇరవై రెండే ఇరవై రెండు నిమిషాలు!" అని రెండు చేతులూ ఎత్తారు. జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత రెండు వారాలు మా ఇంట్లో పండగే. అక్క పదకొండింటికి విమానం ఎక్కేది, పదకొండూ ఇరవై రెండుకు దిగేది. మంచం దగ్గరికి పదకొండూ నలభైకే చేరి, నర్సులతో కబుర్లాడేది. సాయంత్రం దీపాలు పెట్టకముందే ఇంటికొచ్చి చారు కాచుకునేది. "ఒరే తమ్ముడూ, ఇమానంలో ఆ పిల్ల ఎంత బాగా తోల్తాదో తెలుసా? గతుకన్నది నేదు," అనేది. ఆ పిల్లంటే కెప్టెన్ హిమబిందు. బాపట్ల దగ్గరి అమ్మాయి. రోగులకు ముందు సీటు తనే చూసి ఇప్పించేది.

మూడో వారం మా భద్రతా విభాగంలో ఒకాయన కాలిక్యులేటరు ముందేసుకున్నాడు. రెండువందల పధ్నాలుగు కిలోమీటర్లు ఇరవై రెండు నిమిషాల్లో అంటే గంటకు ఐదువందల ఎనభై నాలుగు. విమానం తయారుచేసిన వాళ్ళ పుస్తకంలో గరిష్ఠ వేగం నాలుగువందలని ఉంది. కెప్టెన్ హిమబిందును సంజాయిషీకి పిలిచారు. రాసుకోవడానికి నన్ను కూర్చోబెట్టారు.

"ఏమ్మా, పరిమితికి మించిన వేగంతో ప్రజల ప్రాణాలతో చెలగాటమాడుతున్నట్టు రికార్డు చెబుతోంది. మీరేమంటారు?" అన్నారు దివాకరం గారు.

"నేనెప్పుడూ మూడువందలు దాటలేదండీ."

"మూడువందలే దాటకపోతే ఇంత దూరం ఇంత సమయంలో ఎలా సాధ్యం? అంటే దూరం తగ్గిస్తున్నారన్నమాట."

"తగ్గించడమేంటండీ! తిన్నగా వెళ్తున్నాను."

దివాకరం గారు నా వైపు తిరిగారు. "రాసుకో నాయుడూ. తిన్నగా వెళ్తున్నట్టు ఒప్పుకున్నారు."

రాసుకున్నాను.

"విమానం తిన్నగా వెళ్ళకపోతే ఇంకెలా వెళ్తుందండీ?" అని ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను పెన్ను వైపు చూశాను.

ఉత్తర్వు మర్నాడే వచ్చింది. 'ధ్రువీకృత దూరాన్ని ఏ కోతా లేకుండా పూర్తిగా ప్రయాణికులకు అందజేయవలెను. ఇందుకుగాను విమానము రోడ్డు మార్గమును అనుసరించి ఎగురవలెను. ప్రతి కిలోమీటరు రాయి దాటినదీ లేనిదీ పరిశీలించి టిక్కు పెట్టుటకు సహాయ సర్వేయరు తవిటినాయుడిని దూర పరిశీలకునిగా నియమించడమైనది.'

అలా నేను కూడా రోజూ విమానం ఎక్కే యోగానికి నోచుకున్నాను. కెప్టెన్ వెనక మడత సీట్లో టిక్కుల కాగితం పెట్టిన అట్ట పట్టుకుని కూర్చునేవాణ్ణి. పక్కన అద్దంలోంచి కింద రోడ్డు కనిపించేది. ఘాట్‌లో ముప్పై ఏడు వంపులూ గాల్లో తిరిగాం. ఎడమకు ఒరిగేవాళ్ళం, కుడికి ఒరిగేవాళ్ళం, వెనక్కి తిరిగినంత పనిచేసి మళ్ళీ ముందుకొచ్చేవాళ్ళం. పదహారో వంపు దగ్గర బస్సుల్లో వాంతులు చేసుకున్నట్టే విమానంలోనూ చేసుకున్నారు. యాభై ఐదు నిమిషాలు పట్టేది. అక్క విమానం దిగి ఆటో ఎక్కి, ఆసుపత్రి గుమ్మంలో చెప్పులు వదిలి, పన్నెండూ పన్నెండుకో పదమూడుకో మంచం అందుకునేది.

"ఒరే, ఆ వంపులు నేకపోతే ఏటైపోద్దిరా? పైన గోతులున్నాయేటి తప్పించడానికి?" అని అడిగింది.

"రూలక్కా."

"నీ రూలు నా కడుపులో తిప్పుతున్నాది."

అయినా అందుతోంది కదా అని సర్దుకున్నాం. సర్దుకోవడం మాకు కొత్తకాదు.

అయితే దూరం సరిపోయాక సమయం తేడా వచ్చింది. ధ్రువపత్రంలో ఇరవై రెండు, ప్రయాణం యాభై ఐదు. దీని మీద గవ్వలరేవులో ఒక హోటల్లో 'దూర సమయ సమన్వయ సదస్సు' పెట్టారు. దివాకరం గారు ప్రసంగించారు. "మిత్రులారా, దూరం అనేది భార్య వంటిది, సమయం భర్త వంటిది. ఒక ఫైల్లోని దూరానికి మరో ఫైల్లోని సమయాన్ని జత చేయడం సంస్కారం అనిపించుకోదు. రెండువందల పధ్నాలుగు కిలోమీటర్లకు నలభై ఐదేళ్ళుగా తోడున్న సమయం ఒకటుంది. అయిదు గంటల నలభై నిమిషాలు. అదే ఫైల్లో, అదే పేజీలో. దాన్ని విడదీసే హక్కు మనకెవరిచ్చారు?" సభలో కొందరి కళ్ళు చెమర్చాయి. తీర్మానం ఏకగ్రీవంగా పాసయింది.

అయిదు గంటల నలభై నిమిషాలు గాల్లో తిరిగేంత ఇంధనం ఆ విమానంలో పట్టదని కెప్టెన్ రాసిచ్చింది. దానికి సంస్థ దగ్గర పరిష్కారం సిద్ధంగా ఉంది. ప్రయాణికులు ఉదయం ఆరింటికే విమానంలో కూర్చోవాలి. తలుపులు వేసేస్తారు. ఆరింటికి ప్రయాణం మొదలైనట్టు. పదకొండు దాకా విమానం జాజికోన రన్‌వే మీదే నిలబడి ఉంటుంది. ఆ కాలాన్ని 'భూతల ప్రయాణం' అంటారు. తర్వాత ఎగిరి, వంపులన్నీ తిరిగి, పదకొండూ యాభై ఐదుకు దిగుతుంది; రికార్డులో మాత్రం పదకొండూ నలభై అని రాస్తారు.

పాత ఫైల్లోని అయిదు గంటల నలభైలో టీ హోటల్ దగ్గర ఇరవై నిమిషాలు, రైలు గేటు దగ్గర పదిహేను నిమిషాలు కూడా కలిసి ఉన్నాయి. అవి కూడా వదల్లేదు. ఎనిమిదిన్నరకు ఇరవై నిమిషాలు టీ విరామం అని మైకులో చెప్పేవాళ్ళు. తలుపు తీయకూడదు కనుక టీ ఉండేది కాదు. గేటు సంగతి మరీ జాగ్రత్తగా చూశారు. గేట్‌మన్ సన్యాసి నంబరు నాకిచ్చారు. పదకొండింటికి అతనికి ఫోను చేసి, గేటు తీసి ఉందంటేనే విమానం కదలాలి.

వారంలోగా ప్రయాణికులు ఒక్కొక్కరే మానేసి బస్సుకు మళ్ళారు. చివరికి మా అక్క ఒక్కతే మిగిలింది. బస్సులోనైతే అయిదున్నర గంటలూ కుదుపులే. ఇందులో అయిదు గంటలు కదలకుండా కాళ్ళు చాపుకోవచ్చు, కుదుపు కాసేపే అనేది ఆమె లెక్క. అలా పందొమ్మిది సీట్ల విమానంలో కెప్టెన్, ఆమె సహాయకుడు, నేను, మా అక్క. నలుగురం రన్‌వే మీద కూర్చునేవాళ్ళం.

ఆ మంగళవారం పదకొండింటికి సన్యాసికి ఫోను చేశాను.

"గేటు ఏసేసున్నాది బాబూ. గూడ్సు బండి ఇంజను సెడిపోయి గేటు మీదే ఆగిపోనాది. రెండో ఇంజను రావాల. తమరెక్కడున్నారు, లారీలోనా?"

"విమానంలో."

"బాబూ, తమరు పైనుంచి పోతారు గదా?"

నేను దివాకరం గారికి ఫోను చేశాను. "గేటు వేసి ఉండగా దాటడం శిక్షార్హమైన నేరం నాయుడూ. నీకు ఉద్యోగం కొత్త. ఆవేశపడకు," అన్నారు.

యాభై నిమిషాలు ఆగాం. అక్క గడియారం చూసుకుంటూ కూర్చుంది. మేం గవ్వలరేవులో దిగేసరికి పన్నెండున్నర దాటింది. ఆసుపత్రికెళ్ళేసరికి ఆమె మంచం మీద ఇంకొకాయన పడుకుని ఉన్నాడు. రిజిస్టర్లో ఆమె పేరెదురుగా 'రాలేదు' అని రాశారు.

"మళ్ళీ శుక్రవారం తప్పకుండా రామ్మా," అంది నర్సు. "రెండోది తప్పితే మా చేతుల్లో ఉండదు."

శుక్రవారం ఉదయానికి అక్క ముఖం ఉబ్బింది. విమానం మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగింది. ఆరింటికి తలుపులు వేశారు. ఏడుంపావుకల్లా ఆమెకు ఊపిరి పొట్టిగా అయిపోయింది. సీట్లో వెనక్కి వాలితే ఆయాసం, ముందుకు వంగితే ఆయాసం.

"తమ్ముడూ," అంది. "ఇంకా ఎంతసేపురా?"

"నాలుగు గంటలక్కా."

"పదకొండుకి నానుంటానేటి?"

కెప్టెన్ లేచి వెనక్కి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి నిలబడింది. "నాయుడు గారూ, మీ అట్ట మీద బయలుదేరొచ్చు అని సంతకం పడితే ఇరవై రెండు నిమిషాల్లో దింపుతాను. పడకపోతే టవర్ వాళ్ళు నన్ను వదలరు. ఇది మీ చేతుల్లోదే, నా చేతుల్లోది కాదు."

నా అట్ట మీద రెండువందల పధ్నాలుగు గళ్ళున్నాయి, ఒక్కో కిలోమీటరు రాయికి ఒక్కో గడి. ఆ కాగితం తీసి పక్కన పెట్టాను. తెల్లకాగితం మీద 'జాజికోన నుంచి గవ్వలరేవుకు దూరం ఎనభై ఎనిమిది కిలోమీటర్లు, సమయం ఇరవై రెండు నిమిషాలు, నేను కొలిచాను' అని రాసి, కింద 'బయలుదేరొచ్చు, ఏడూ ముప్పై' అని వేసి, సంతకం చేసి ఇచ్చాను. ఆ అమ్మాయి అది చదవను కూడా చదవలేదు. పరుగెత్తింది.

ఏడూ యాభై రెండుకు గవ్వలరేవులో దిగాం. ఎనిమిదింపావుకు ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరు ఆమెను చూసి ఒక్క మాట కూడా అడక్కుండా, ఖాళీగా ఉన్న అత్యవసర మిషను మీద పడుకోబెట్టాడు. పన్నెండున్నరకు మా అక్క కళ్ళు తెరిచి, "ఆకలేస్తున్నాదిరా," అంది. నేను ఆసుపత్రి వరండాలోకెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

సోమవారం విచారణ.

"విమానం ఉదయం ఆరింటికి బయలుదేరింది. పదకొండూ నలభైకి చేరింది. ఇది రికార్డు," అన్నారు దివాకరం గారు. ఆయన కోపంగా లేరు. బాధగా ఉన్నారు. "నువ్వు ఏడూ యాభై రెండుకు దిగానంటున్నావు. అంటే ఎగురుతున్న విమానంలోంచి దిగావా?"

"విమానం కూడా దిగిందండి."

"ధ్రువీకృత సమయానికి ముందు విమానం దిగడం సాధ్యం కాదు. కాబట్టి దిగలేదు. ఆ తెల్లకాగితం నేను చూడలేదు, నువ్వు రాయలేదు. అది నీ భవిష్యత్తు కోసం. కానీ ఒక చిక్కొచ్చింది. మనం రికార్డును ఆసుపత్రికి పంపాం."

"ఎందుకండి?"

"సమన్వయం. రోగి పదకొండూ నలభై దాకా గాల్లో ఉన్నట్టు మన రికార్డు. ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మిషను మీద ఉన్నట్టు వాళ్ళ రికార్డు. ఒకే మనిషి రెండుచోట్ల ఉండకూడదు కదా. వాళ్ళు మర్యాదస్తులు, మన రికార్డునే గౌరవించారు. శుక్రవారం ఆవిడకు డయాలసిస్ జరగలేదని నిర్ణయించారు."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. మంగళవారం రాలేదు. శుక్రవారం కూడా రాలేదు. వరసగా రెండు.

"పేరు కొట్టేస్తారండి!" అన్నాను.

"అందుకే పిలిచాను. నేను కఠినాత్ముణ్ణి కాను నాయుడూ." ఆయన సొరుగులోంచి టైపు చేసిన కాగితం తీశారు. "శుక్రవారం నేను విమానం ఎక్కలేదు, ముందురోజు బస్సులోనే గవ్వలరేవు వచ్చి బంధువుల ఇంట్లో ఉన్నాను అని ఆవిడ రాసిస్తే చాలు. గాల్లో లేదు కనుక మిషను మీద ఉన్నట్టే. మంచం నిలుస్తుంది. ఎవరికీ ఇబ్బంది లేదు."

"కెప్టెన్ గారికండి?"

"ప్రయాణికులే లేని విమానం గురించి కెప్టెన్‌ను ఎవరడుగుతారు?"

ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళాను. అక్క ఉప్పు లేని చారుతో అన్నం కలుపుకుంటోంది. చదివి వినిపించాను.

"గవ్వలరేవులో మనకి సుట్టాలెవులున్నార్రా?" అంది.

"ఎవులూ నేరు."

"మరి ఎవులింట్లో పడుకున్నానని రాసినారు?"

"పేరు రాయనేదక్కా. బందువులని రాసినారు."

"బాగున్నాది. సర్కారోళ్ళు మిసను ఇయ్యనేకపోయినా సుట్టాల్నిచ్చారు." చెయ్యి కడుక్కుని వచ్చింది. "నాను రాసిస్తే నీ ఉజ్జోగానికేటైనా అవుద్దా?"

"అవదక్కా. ఇంకా మంచిదే."

"నువ్వు కొలిసింది తప్పా, ఒప్పా?"

"ఒప్పే."

ఆమె నా ముఖంలోకి కొంచెంసేపు చూసింది. తర్వాత పెన్ను తీసుకుని, ఏడో తరగతిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాల్లో సంతకం పెట్టింది. సాక్షి సంతకం నాది.

మంచం నిలిచింది. అంతవరకూ దివాకరం గారు మాట తప్పలేదు.

కానీ ఆ కాగితం ఫైల్లో కలిశాక పైవాళ్ళు దాన్ని శ్రద్ధగా చదివారు. ఆ విమానానికి మిగిలిన ఒకే ఒక్క ప్రయాణికురాలు కూడా, అదీ రోగి, విమానం ఉండగా బస్సునే ఎంచుకున్నట్టు స్వయంగా రాసిచ్చింది. దూరం ఒకటే. సమయం ఒకటే. తేడా వాహనంలోనే ఉంది. పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. 'ప్రజాభీష్టము మేరకు జాజికోన గవ్వలరేవు విమాన సర్వీసును ఇకమీదట బస్సు ద్వారా నడుపవలెను. విమానయాన నిబంధనలన్నియు యథాతథముగా వర్తించును. ఇదే మార్గములో నడచు ఆరు గంటల సాధారణ బస్సు, సేవలు ద్వంద్వమగుచున్నందున, రద్దు చేయడమైనది.'

అదే వారం నా ప్రొబేషను డిక్లేరు చేశారు, అంటే ఉద్యోగం ఖాయమైంది. దివాకరం గారు స్వయంగా లడ్డూ పెట్టారు.

కొత్త సర్వీసు తొలిరోజు మంగళవారం. విమానాశ్రయం ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. విమాన ప్రయాణికులు గంట ముందు రావాలి కనుక అయిదింటికల్లా అక్కడుండాలి. ఇదివరకు మా వీధి చివరే బస్సెక్కే మా అక్క, చీకట్లోనే ఆటో కుదుర్చుకుని, లోపలికొచ్చి, వరసలో నిలబడి, సంచీ మిషనులో పెట్టి, చేతులు రెండూ చాపి తనిఖీ చేయించుకుంది. నోరెండిపోతే చప్పరించడానికి తెచ్చుకున్న నిమ్మచెక్క కోసే చాకు తీసేసుకున్నారు. బోర్డింగ్ కాగితం చించి ఇచ్చారు. రన్‌వే మీద బస్సు నిలబడి ఉంది. దానికీ విమానానికి వేసినట్టే వెనక తోక నంబరు వేశారు.

నిబంధన ప్రకారం సర్వీసుకు కెప్టెన్ తప్పనిసరి. హిమబిందు తెల్ల యూనిఫాం వేసుకుని డ్రైవరు పక్క సీట్లో ఒళ్ళో టోపీ పెట్టుకుని కూర్చుంది. డ్రైవరు బెదిరిపోయి ఉన్నాడు. "అమ్మా, తమరలా సూత్తుంటే నాకు గేరు పడదండి," అన్నాడు. ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగింది.

దూర పరిశీలకుడిగా నేను రెండో వరసలో, మా అక్క పక్కన. నా అట్ట మీద కొత్తగా ఒక గడి చేర్చారు: గరిష్ఠంగా చేరిన ఎత్తు. ఘాట్ దిగడం మొదలయ్యేచోట బోర్డు చూసి మూడువేల ఆరువందల అడుగులని రాశాను. అది అబద్ధం కాదు.

ఏడో వంపు దగ్గర అక్క కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుంది. మడమల దగ్గర నొక్కితే వేలి గుంట అలాగే ఉండిపోతోంది. పన్నెండో వంపు దగ్గర కళ్ళు మూసుకుంది. పదహారో వంపు దగ్గర తెరిచింది.

"తమ్ముడూ, ఇంకా ఎంత దూరముందిరా?"

అట్ట చూశాను. దాటిన గళ్ళు లెక్కపెట్టాను. "నూట ఎనభై ఒకటక్కా."

"ఎనభై ఎనిమిదన్నావు, రెండొందల పధ్నాలుగన్నావు. ఎంతంటే అంత సంతకమెట్టీగల్వు గదా నువ్వు," అంది ఆయాసపడుతూనే, నవ్వుతూ. "మూడని రాసీరా. బేగి దిగిపోదాం."